కాలింగ్ బెల్ మోగకముందే మొదలయ్యే మొరుగుడు: మా చుక్కి ఏం చెబుతోంది?

ప్రశ్న: నీలిమ

మా ఇంట్లో చుక్కి అనే నాలుగేళ్ల ఆడకుక్క ఉంది. ఫలానా జాతి అని చెప్పలేను. మోకాలి ఎత్తు, నిక్కిన చెవులు, నల్లమూతి. రెండు నెలల పిల్లగా మా దగ్గరికి వచ్చింది. మూడేళ్ల పైచిలుకు కాలంలో దాని గొంతు వల్ల మాకు గానీ, ఇరుగుపొరుగుకు గానీ ఇబ్బంది కలిగిన సందర్భం గుర్తు లేదు. ఎనిమిది నెలల క్రితం మేము ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు మారాం. మా తలుపు సరిగ్గా లిఫ్టుకు ఎదురుగా ఉంటుంది. అప్పటి నుంచి దాని మొరుగుడు వారం వారం పెరుగుతూ వచ్చి, ఇప్పుడు ఇంట్లో ఎవరూ స్థిమితంగా కూర్చోలేని స్థితికి చేరింది.

నేను గమనించినంతవరకు అది మూడు సందర్భాల్లో మొరుగుతుంది. మొదటిది, బయట ఎవరైనా వచ్చినప్పుడు. బెల్ మోగిన తరువాత మొరిగితే అర్థం చేసుకోవచ్చు. ఇది బెల్ మోగకముందే, మాకు ఏ అలికిడీ వినిపించకముందే తలుపు మీదికి దూకుతుంది. రెండవది, నేను ఇంటి నుంచి పనిచేస్తూ ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు. ఎదురుగా కూర్చుని నా ముఖంలోకి చూస్తూ ఒక్కొక్కటిగా, ఆగి ఆగి మొరుగుతుంది. బంతి విసిరితేనో బిస్కెట్టు ఇస్తేనో ఊరుకుంటుంది. మూడవది, అందరం బయటికి వెళ్లినప్పుడు. మేము లేని సమయంలో గంటసేపు అరుస్తూనే ఉంటుందని పక్కింటివారు మర్యాదగానే, కానీ రెండుసార్లు చెప్పారు.

గట్టిగా అదిలించి చూశాం. మొరిగినప్పుడల్లా ముఖం మీద నీళ్లు చిలకరించాం. ఇప్పుడది నీళ్ల సీసాకు అందనంత దూరం జరిగి, అక్కడి నుంచి మొరుగుతోంది. మొరగడం కుక్క సహజ గుణమని, దాన్ని మాన్పించాలనుకోవడమే తప్పని మా అత్తగారి అభిప్రాయం. నేనే గారాబం చేసి చెడగొట్టానని మావారి అభిప్రాయం. దాని నోరు పూర్తిగా మూయించాలన్నది నా కోరిక కాదు. ఏ మొరుగుడుకు ఏమిటి అర్థమో తెలుసుకునే మార్గం ఉందా, దానికి తగినట్టు మేము ఎలా నడుచుకోవాలన్నదే నా ప్రశ్న.

జవాబు: పాతనేస్తం

నీలిమ గారూ, మూడు సందర్భాలను మీరే చక్కగా విడదీసి రాశారు, కానీ మూడింటికీ ఒకే మందు వేశారు. పాతికేళ్లుగా కుక్కల మధ్యనే బతుకుతున్నవాడిగా నాకు తెలిసినంతలో అక్కడే అందరం పొరబడతాం. మనకు మొరుగుడు అంతా ఒకే రొదలా వినిపిస్తుంది గనుక, దానికి కారణం కూడా ఒకటే అయి ఉంటుందని అనుకుంటాం.

నిజానికి మన చెవి మనం అనుకునేంత మొద్దుది కాదు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని ఓట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముడి అనే గొర్రెల కాపరి జాతి కుక్కల అరుపులను వేర్వేరు సందర్భాల్లో రికార్డు చేసి, మనుషులకు వినిపించి, అది ఏ సందర్భమో చెప్పమన్నారు. ఆ ఫలితాలు 2005లో ప్రచురితమయ్యాయి. కుక్కను ఎన్నడూ పెంచనివారు కూడా ఊరికే ఊహించి చెప్పే స్థాయి కంటే మెరుగ్గా గుర్తుపట్టారు. అంతకుముందే 2002లో సోఫియా యిన్ అనే అమెరికా పశువైద్యురాలు, బెల్ విని మొరిగే మొరుగుడుకూ, ఒంటరిగా ఉంచినప్పుడు మొరిగే మొరుగుడుకూ, ఆటలో మొరిగే మొరుగుడుకూ ధ్వనిలోనే తేడాలున్నాయని చూపించారు. వివరాలు పక్కన పెడితే, ఇంట్లో పనికొచ్చేది ఇది: గొంతు బొంగురుగా, మంద్రంగా, ఒకదాని వెంట ఒకటి ఊపిరి సలపకుండా వస్తే అది ఎవరినో నిలువరించే మొరుగుడు. గొంతు సన్నగా, హెచ్చు స్థాయిలో, ఒక్కొక్కటిగా, మధ్యలో ఎడం ఇస్తూ వస్తే అది ఒంటరితనమో, ఆటకు పిలుపో, కోరికో. వీటిలో ఏదన్నది గొంతును బట్టి తేలకపోతే ఒంటిని చూసి తేల్చుకోవాలి: వీపు మీద బొచ్చు లేచిందా, బరువు ముందు కాళ్ల మీద ఉందా వెనక కాళ్ల మీద ఉందా, చెవులు ముందుకు ఉన్నాయా తల వెంట అణిగి ఉన్నాయా, నోరు బిగిసి ఉందా వదులుగా ఉందా అని. తోక ఊపడం ఒక్కటే చూసి సంతోషమని తీర్మానించకండి. బిగుసుకున్న తోకను పైకెత్తి సన్నగా ఆడించే కుక్క స్నేహంగా ఉన్నట్టు కాదు.

బెల్ కంటే ముందే మొరగడంలో మాయ ఏమీ లేదు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటే, కుక్క చెవి సుమారు 45,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. మనకు అందనంత మెల్లని చప్పుళ్లు కూడా చాలావరకు దానికి అందుతాయి. మీ లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు వచ్చే చిన్న టిక్కు, చెప్పుల రాపిడి చుక్కికి ఎప్పుడో చేరిపోయి ఉంటాయి. ఇక దాని వైపు నుంచి లెక్క చూడండి. చప్పుడు వచ్చింది, తాను మొరిగింది, అడుగుల చప్పుడు దూరమైంది. పక్కింటాయన తన ఇంటికి తాను వెళ్లాడని మనకు తెలుసు. తానే తరిమికొట్టానని చుక్కి నమ్మకం. రోజుకు ముప్పైసార్లు లిఫ్టు ఆగితే ముప్పై విజయాలు. అలాంటి పనిని అదిలిస్తే మానుతుందా?

కాబట్టి ముందు ఒక పుస్తకం పెట్టుకోండి. వారం రోజులపాటు మొరిగిన ప్రతిసారీ మూడు మాటలు రాయండి: సరిగ్గా ముందు ఏం జరిగింది, ఎలా మొరిగింది, సరిగ్గా తరువాత ఏం జరిగింది. మూడోది చాలామంది రాయరు. అన్నిటికంటే అదే ముఖ్యం, ఎందుకంటే ఆ గడిలో సాధారణంగా మన పేరే ఉంటుంది. మీ రెండవ సందర్భం చూడండి: మొరిగింది, బంతి వచ్చింది. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అది మీరు నేర్పిన విద్యే. దీనికి మార్గం రెండు భాగాలు. మొరిగినప్పుడు చూపు కూడా ఇవ్వకుండా, మాట కూడా అనకుండా తల తిప్పేసుకోవాలి. ‘ఆగు’ అనడం కూడా దానికి పలకరింపే. మరోవైపు, మీరు ఫోను తీయకముందే దాన్ని తన పరుపు మీద పడుకోబెట్టి, నమలడానికి ఏదైనా ఇవ్వాలి, అంటే అడగకముందే ఇవ్వాలి. మొదటి భాగం మాత్రమే చేసి రెండోది వదిలేస్తే అది కుక్క పట్ల అన్యాయం.

ఒక హెచ్చరిక. పట్టించుకోవడం మానిన కొత్తలో మొరుగుడు తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన తాళంచెవి తిరగకపోతే మనం కూడా ముందు గట్టిగా తిప్పే చూస్తాం కదా. ఆ ఉధృతిలో ఓపిక నశించి ఒక్కసారి బంతి విసిరితే, అంత గట్టిగా అరిస్తే గానీ పని కాదని నేర్పినట్టవుతుంది. అప్పుడప్పుడూ మాత్రమే దక్కే ప్రతిఫలం వల్ల పడిన అలవాటు, ప్రతిసారీ దక్కే ప్రతిఫలం వల్ల పడిన అలవాటు కంటే మొండిది.

లిఫ్టు చప్పుడుకు వేరే పద్ధతి. ఆ చప్పుడును, బెల్ మోతను ఫోన్లో రికార్డు చేయండి. చుక్కి చెవి కదలాలి గానీ నోరు లేవకూడదు, అంత తక్కువ శబ్దంతో వినిపించి, వెంటనే ఒక చిన్న మాంసం ముక్క ఇవ్వండి. ముందు చప్పుడు, తరువాత ముక్క. ఈ వరుస తారుమారైతే పని జరగదు. పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త ప్రయోగంలో చప్పుడు వినగానే కుక్కలకు నోరూరింది కూడా చప్పుడు తరువాత తిండి వచ్చినందువల్లే. రోజుకు రెండుసార్లు, మూడేసి నిమిషాలు చాలు. మొరిగిందంటే శబ్దం ఎక్కువైందని అర్థం, తగ్గించండి. కొన్ని రోజుల్లో చప్పుడు వినగానే తలుపు వైపు కాక మీ చేతి వైపు తిరుగుతుంది. ఆ తిరగడం కనిపించాకే శబ్దం ఒక మెట్టు పెంచండి.

జవాబు: రణధీర్

ఇంత శాస్త్రం అవసరమా అనిపిస్తోంది. మా కుక్కకు మొరిగితే చిన్న షాక్ కొట్టే పట్టీ మెడకు కట్టాం. నాలుగు రోజుల్లో ఇల్లు ప్రశాంతమైంది. కుక్క తోక వంకర అంటారు గానీ, సరైన పద్ధతిలో క్రమశిక్షణ నేర్పితే వంకర ఏదైనా తీరుతుంది. పుస్తకాలు రాసుకుంటూ, మాంసం ముక్కలు చేత్తో పట్టుకుని వారాల తరబడి కూర్చునే తీరిక ఉద్యోగాలు చేసుకునేవారికి ఎక్కడిది? ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తున్నప్పుడు త్వరగా ఫలితం ఇచ్చేదే మంచి పద్ధతి అని నా ఉద్దేశం.

జవాబు: డాక్టర్ వసుంధర, పశువైద్యురాలు

రణధీర్ గారూ, మీ కుక్క మొరగడం మానిందన్న మాట నిజమే అయి ఉంటుంది. అయితే ఆ పట్టీ చప్పుడును ఆపింది గానీ, చప్పుడుకు కారణాన్ని ఆపలేదు. మొరిగిన క్షణంలో మెడ మీద నొప్పి కలిగినప్పుడు, ఆ నొప్పి తన గొంతు వల్ల కలిగిందని కుక్క గ్రహించవచ్చు. ఎదురుగా నిలబడ్డ చిన్నపిల్ల వల్ల కలిగిందని గ్రహించినా ఆశ్చర్యం లేదు. రెండోది జరిగితే తరువాతి కథ మొరుగుడుతో ఆగదు. వేల్స్ దేశం 2010లోనే ఇలాంటి షాక్ పట్టీల వాడకాన్ని నిషేధించింది. పశువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో, కుక్కల శిక్షణ ప్రతిఫలం ఆధారంగానే సాగాలని, షాక్ పట్టీల వంటి సాధనాలు వద్దని స్పష్టంగా చెప్పింది. స్వరతంత్రులను కోయించే శస్త్రచికిత్స గురించి కూడా అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. నేను చేయను. దాని తరువాత కూడా కుక్క మొరుగుతూనే ఉంటుంది, బొంగురుగా. పైగా లోపల మచ్చకట్టి శ్వాసమార్గం ఇరుకయ్యే ప్రమాదం ఉంది.

ఇదే సందర్భంలో మరొక మాట. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి నా దగ్గరికి కట్టు కట్టించుకున్న చేతులతో వచ్చినవారున్నారు. మొరిగే కుక్క కరవవచ్చు. గుర్రుమనడం అనేది కరవడానికి ముందు అది మనకు ఇచ్చే గడువు. గుర్రుమన్నందుకు కొడితే, మరుసటిసారి గడువు ఇవ్వకుండానే కరిచే కుక్క తయారవుతుంది.

ఇక నీలిమ గారి విషయం. ప్రవర్తనలో ఏ మార్పు వచ్చినా మొదట ఒంటిని పరీక్షించాలి. కీళ్ల నొప్పి, చెవిపోటు, పంటినొప్పి ఉన్న కుక్క చిన్న కదలికకే మొరుగుతుంది, తాకబోతే మొరుగుతుంది. వినికిడి తగ్గిన ముసలి కుక్కలు కారణం లేకుండా అరుస్తున్నట్టు కనిపిస్తాయి. వయసు మీరిన కుక్కల్లో మతిమరుపు వ్యాధి కూడా వస్తుంది: రాత్రిళ్లు లేచి అరవడం, గోడకో మూలకో ఎదురుగా నిలబడిపోవడం, ఇల్లంతా తెలిసి ఉండీ దారి తప్పడం, ఇంట్లోనే మూత్రం పోయడం దాని లక్షణాలు. చుక్కికి నాలుగేళ్లే గనుక ఈ చివరిది ఉండదు. మొదటివి ఉండవచ్చు. ఒకసారి చూపించండి.

మీరు రాసిన మూడో సందర్భమే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొరిగే కుక్కల్లో కొన్నింటిది ఒంటరి భయం. అది అల్లరి కాదు, మొండితనం కాదు. గుండె దడతో, చొంగ కార్చుకుంటూ, తలుపును గోళ్లతో గీరుతూ, ఊళ పెడుతూ అది అనుభవించే గాబరా. సాధారణంగా మీరు తలుపు వేసిన మొదటి అరగంటలోపే మొదలవుతుంది. అలాంటి కుక్కను తిరిగివచ్చి తిడితే, గంట క్రితం అరుపుకూ ఈ తిట్టుకూ సంబంధం దానికి తెలియదు. మీ రాక కూడా భయానికి మరో కారణం అవుతుంది, అంతే. వ్యాధి తీవ్రంగా ఉంటే ఫ్లూయాక్సిటిన్, క్లోమిప్రమిన్ వంటి మందులు కుక్కలకు కూడా ఉన్నాయి. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, శిక్షణతో కలిపి వాడాలి, మోతాదు పశువైద్యులే నిర్ణయించాలి. ఇంట్లో ఎవరికో రాసిన మాత్రలు పెట్టే ప్రయోగం దయచేసి చేయకండి.

అయితే పక్కింటివారి మాట మీద రోగం నిర్ణయించలేం. పాత ఫోను ఒకటి ఎత్తైన చోట నిలబెట్టి, కెమెరా ఆన్ చేసి గంటసేపు బయటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు దానికి ఇష్టమైన తిండి ఒకటి కింద పెట్టండి. భయంతో ఉన్న కుక్క సాధారణంగా ఎంత ఇష్టమైన తిండినైనా ముట్టదు. మీరు తిరిగి వచ్చాక ఆబగా తింటుంది. అది ఎప్పుడు మొదలుపెట్టింది, ఎటు చూస్తూ మొరిగింది, మధ్యలో పడుకుందా అన్నవి చూసి నాకు రాయండి.

జవాబు: మూడో అంతస్తు

నేను కుక్కను పెంచేదాన్ని కాదు, కుక్క పక్కింట్లో ఉండేదాన్ని. మా పక్కింటావిడ ఒకరోజు తలుపు తట్టి, శిక్షణ మొదలుపెట్టామని, కొన్నిరోజులు మొరుగుడు ఇంకా పెరగవచ్చని, ఏయే సమయాల్లో ఎక్కువగా వినిపిస్తోందో రాసి ఇస్తే సాయం చేసినట్టవుతుందని అడిగారు. మర్నాటి నుంచి అదే మొరుగుడు నాకు సగం అయినట్టు తోచింది. చప్పుడు కంటే, దాని గురించి ఎవరూ ఏమీ చేయడం లేదన్న భావనే ఎక్కువ బాధిస్తుంది. నీలిమ గారు ముందు పక్కింటివారితో ఒకమాట చెప్పడం మంచిది.

నీలిమ (ఆరు వారాల తరువాత)

ముందుగా క్షమించాలి, జవాబు ఇవ్వడం ఆలస్యమైంది. చుక్కిని డాక్టరుకు చూపించాం. ఎడమ చెవిలో కొద్దిగా ఇన్ఫెక్షన్ ఉంటే మందు వేశారు. మిగతా అంతా బాగుంది.

వీడియో మాత్రం నా అంచనాను తలకిందులు చేసింది. మేము తలుపు వేసి వెళ్లగానే చుక్కి వాసన చూసుకుంటూ వెళ్లి, కింద పెట్టిన తిండి మొత్తం తినేసి, గిన్నెను గోడ దాకా నాకుతూ తోసుకుపోయి, చెప్పుల స్టాండు పక్కన వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఇరవై ఆరు నిమిషాలు కదలలేదు. ఆ తరువాత లిఫ్టు ఆగిన చప్పుడు రికార్డింగులో సన్నగా వినిపిస్తుంది. అదే క్షణంలో అది లేచి తలుపు మీదికి దూకింది. ఎవరూ అదిలించేవారు లేక, అడుగులు పోయినా ఆపకుండా తొమ్మిది నిమిషాలు మొరిగింది. పడుకోబోయేలోపు మళ్లీ లిఫ్టు. డాక్టరు గారికి పంపితే, అందులో ఒంటరి భయం లక్షణాలేవీ కనిపించడం లేదని, మూడో సందర్భం అనేది అసలు లేదని, మొదటిదే మేము లేనప్పుడు కూడా జరుగుతోందని చెప్పారు. నేను పాపం, అది మా కోసం ఏడుస్తోందనుకుని వారంపాటు బయటికే వెళ్లలేదు.

ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు దాన్ని లోపలి గదిలో ఉంచి, ఫ్యాను పెద్దగా పెట్టి, మధ్య తలుపు వేస్తున్నాం. పక్కింటివారిని అడిగి సమయాలు రాయించుకున్నాను. రోజూ గంటసేపు అన్నది, పోయిన వారం రెండుసార్లు, ఒక్కొక్కటి ఐదు నిమిషాల లోపు అని ఆవిడే చెప్పారు.

ఫోను దగ్గర మొరుగుడు విషయంలో నేను నెగ్గానని చెప్పలేను. నాలుగో రోజు, పాతనేస్తం గారు అన్నట్టే, గొంతు చించుకుంది. ఆ సమయంలో నేను పై అధికారితో మాట్లాడుతున్నాను. చెయ్యి దానంతట అదే బంతి మీదికి పోయింది. ఆ ఒక్క బంతికి మరో పది రోజులు మూల్యం చెల్లించాను. ఇప్పుడు ఫోను తీయకముందే పరుపు మీద నమిలే బొమ్మ పెడుతున్నాను గనుక చాలా రోజులు బాగానే గడుస్తున్నాయి.

బెల్‌కు ఇప్పటికీ రెండు మూడుసార్లు మొరుగుతుంది. అది వదిలేశాం, మా అత్తగారు అంతమాత్రం ఉండాలంటున్నారు. లిఫ్టు చప్పుడుకు మాత్రం తలుపు దగ్గరికి పోకుండా, నేరుగా వంటింటి గుమ్మంలో వేసిన పట్టా మీదికి పరుగెత్తి కూర్చుని, ముక్కలు ఉంచే డబ్బా వైపు చూస్తుంది. ఒక్కటే కొత్త ఇబ్బంది. రెండు రోజులుగా లిఫ్టు ఆగకపోయినా ఆగినట్టు చెవులు నిక్కించి, పరుగున వెళ్లి పట్టా మీద కూర్చుంటోంది. నాకు ఏమీ వినిపించదు గానీ, దానికి వినిపించిందేమోనని ఇచ్చేస్తున్నాను.

జవాబు: పాతనేస్తం

దానికి ఏమీ వినిపించలేదండీ. డబ్బా మూత తీసేముందు ఒకసారి తలుపు కన్నంలోంచి లిఫ్టు వైపు చూడండి.